డ్రాయింగులో లేని లైను

అంకుల్ పోయిన సంగతి నాకు గ్లాస్గో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ మెసేజ్‌కు పైన ఎవరో డబుల్ రూమ్ అద్దెకుంది, వెజిటేరియన్లకు మాత్రమే అని పెట్టారు. కింద ఇంకెవరో ఆదివారానికి గోంగూర మటన్ ఆర్డర్లు తీసుకుంటున్నారు. మధ్యలో చేతులు జోడించిన బొమ్మలు ముప్పై దాకా ఉన్నాయి. నేనూ ఒకటి పెట్టి, ఇక్కడ లండన్ దగ్గర బ్రాక్‌నెల్ ఆఫీసులో పదిగంటల మీటింగుకు వెళ్ళాను. మీటింగులో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఆయన పేరు రాయను. రాయడానికి నాకు మొహం చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పడానికే ఇదంతా. గ్లాస్గోలో మా అందరికీ ఆయన అంకులే, ఫ్యాక్టరీలో స్కాట్లాండు వాళ్ళకు కూడా. ఆ పిలుపుకు అర్థం తెలియక, అదే ఆయన పేరనుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు.

మా ఫ్యాక్టరీ ఊరి బయట ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉండేది. మంచం మీంచి లేవలేని వాళ్ళను గుడ్డ పట్టీలో కూర్చోబెట్టి, పైకెత్తి, కుర్చీలోకి మార్చే హాయిస్టులు చేసేవాళ్ళం. వృద్ధుల కేర్ హోముల్లో వాడతారు. బయటి నుంచి కొన్న ప్రతి వస్తువునూ, చక్రం కానీ మోటారు కానీ బోల్టు కానీ, మొదట అంకుల్ చూడాలి. చూసి ట్యాగు మీద సంతకం పెడితేనే అది లోపలికి పోతుంది. మిగతా ఇన్‌స్పెక్టర్లు స్టాంపు గుద్దేవారు. ఆయన మాత్రం తెలుగులో, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసేవారు. "స్టాంపు ఎవడైన గుద్దుతడు. ఇది రాయాలంటె తెలుగు బడికి పోయి రావాలె" అనేవారు.

ఆయన హైదరాబాదులో, బాలానగర్‌లో, ఇనుముకు జింకు పూత వేసే షెడ్డులో పని మొదలుపెట్టి, తర్వాత టూల్ రూములోకి మారి, నలభై దాటాక ఈ దేశం వచ్చారు. అక్కడి నుంచి తెచ్చుకున్న మైక్రోమీటరును పాత బనియన్ ముక్కలో చుట్టి దాచేవారు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. పెట్టె వస్తే ఎప్పుడూ పైనున్నవి కొలిచేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్నవి పైకి తీసేవారు. "మోండా మార్కెట్ల మా అమ్మ టమాటలు గిట్లనే తీస్తుండె. పైనవి చూపెట్టెటందుకు, కిందివి అమ్మెటందుకు" అనేవారు. తీసిన బోల్టును బెంచీకేసి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. దానివల్ల ఏం తెలుస్తుందని ఒకసారి అడిగాను. "ఏం తెల్వది. అలవాటు" అన్నారు.

ఈ అలవాట్లు ఇళ్ళకు కూడా వచ్చేవి. ఎవరింటికి భోజనానికి పిలిచినా, ఖాళీ పళ్ళెం చేతిలో పెట్టగానే తిరగేసి అడుగున ఏ దేశం ముద్ర ఉందో చూసేవారు. వడ్డించడానికి గరిటె ఎత్తిన ఇల్లాలు అలాగే నిలబడిపోయేది. ఆంటీ సిగ్గుతో తల కొట్టుకునేవారు. "పళ్ళెం చూస్తడు గని కూర ఎట్లుందో ఒక్కనాడు చెప్పడు" అని నాతో మొత్తుకున్నారు ఒకసారి.

అలాంటి ఒక భోజనంలోనే, కొత్తగా సిటీ కౌన్సిల్ ఉద్యోగంలో చేరిన ఒకాయన, చైనా సరుకు అంటేనే నాసి, అమెరికాది అయితే తాతలనాటిదైనా చెక్కుచెదరదు అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అంకుల్ పప్పన్నం కలుపుతూ అంతా విన్నారు.

"చైనావోడు చంద్రుని మీదికి బండి పంపిండు. బోల్టు చేసుడు రాదా వానికి?" అన్నారు. "అమెరికావోని రేటుల కోర్టు భయం కలిపి ఉంటది. మనం అడగకున్నా నాలుగు పనులు ఎక్కువ చేస్తడు, రేపు ఎవడన్న కేసు ఏస్తడేమోనని. చైనావోని రేటుల మనం అడిగింది ఉంటది. అంతే ఉంటది. అడుగుడు రాకపోతె అది వాని తప్పు కాదు."

నేను అప్పటికి కంపెనీలో చేరి నెల. కొనుగోళ్ళ విభాగం నాది. గుంటూరు నుంచి వచ్చి గ్లాస్గోలో సప్లై చెయిన్‌లో మాస్టర్స్ చేసి, చాలా అప్లికేషన్లు తిరిగొచ్చాక దొరికిన ఉద్యోగం. వీసా కంపెనీ చేతిలో ఉంది. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఏదో ఒకటి చేసి చూపించకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. అంకుల్ మాటలు నాకు బాగా నచ్చాయి. నచ్చింది ఎందుకంటే, అమెరికా బోల్టులు మానేసి చైనావి తెస్తే ఖర్చు తగ్గుతుందని నేను అప్పటికే లెక్క వేసుకుని కూర్చున్నాను.

హాయిస్టు చేతికి పట్టీ కొక్కేన్ని కలిపి ఉంచేది ఒక బోల్టు. మనిషి బరువంతా దాని మీదే. అది చాలా ఏళ్ళుగా అమెరికా నుంచి వచ్చేది. అదే డ్రాయింగు చైనాలో ఒక కంపెనీకి పంపితే, మూడో వంతు ధరకు చేస్తామన్నారు. అక్కడి నుంచి మెయిళ్ళు రాసే అమ్మాయి కింద గ్రేస్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకునేది. శాంపిళ్ళు వచ్చాయి. అంకుల్ పెట్టెలోకి చెయ్యి దూర్చి అడుగు నుంచి పది తీశారు. మైక్రోమీటరు తుడుచుకుని ఒక్కొక్కటీ కొలిచారు. లాగే మిషనులో పెట్టి తెంపి చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అచ్చు గుద్దినట్టున్నయ్. అమెరికావోనివి గూడ ఇంత సాఫ్‌గ ఉండకపోతుండె" అన్నారు. స్టీలు గ్లాసులో టీ ఒక గుక్క తాగి, ట్యాగు తీసుకుని, పెన్ను ఎత్తి ఆగారు.

"ఆ పిల్ల ఏమన్న అడిగిందా?"

"ఏ పిల్ల అంకుల్?"

"గదే, గ్రేస్. డ్రాయింగు చూసి ఏమన్న డౌట్లు అడిగిందా? పని తెలిసినోడు ఏదో ఒకటి అడుగుతడు. ఏం అడగకుంట సరే అనేటోన్ని చూస్తెనే నాకు భయం."

"ఏమీ అడగలేదు అంకుల్. అంతా క్లియర్‌గా ఉందంది."

ఆయన సంతకం పెట్టారు.

నిజానికి గ్రేస్ అడిగింది. పూత వేశాక బేకింగ్ కావాలా, డ్రాయింగులో రాయలేదు, కావాలంటే ధర కొంచెం పెరుగుతుంది, నాలుగు రోజులు ఆలస్యమవుతుంది అని ఆ అమ్మాయి స్పష్టంగా రాసింది. బేకింగ్ అంటే నాకు తెలిసింది కేకులు. అదేమిటని అంకుల్‌ను అడగొచ్చు. ఇరవై అడుగుల దూరంలో కూర్చునేవారు. అడిగితే మాస్టర్స్ చేసొచ్చి ఇది తెలీదా అనుకుంటారని సిగ్గు. దానికి తోడు, ఎంత ఆదా చేస్తున్నానో మేనేజరుకు అప్పటికే చెప్పేసి, శభాష్ అనిపించుకుని ఉన్నాను. డ్రాయింగులో ఉన్నట్టే చేయండి అని ఒక లైను రాసి పంపాను. అంకుల్ అడిగినప్పుడు ఆ సంగతి నోటి దాకా వచ్చింది. ఈ పూటకు ఎందుకులే అనుకున్నాను.

బేకింగ్ అంటే ఏమిటో తర్వాత ఆయనే చెప్పారు. గట్టి ఉక్కుకు జింకు పూత వేసేటప్పుడు ఆ తొట్టిలో ఉక్కు లోపలికి హైడ్రోజన్ దూరుతుంది. పూత అయిన వెంటనే ఓవెన్లో పెట్టి గంటల తరబడి వేడిచేస్తే అది బయటికి పోతుంది. చేయకపోయినా బోల్టు చూడటానికి బాగానే ఉంటుంది. కొలతకు సరిపోతుంది, లాగి చూస్తే తట్టుకుంటుంది. బిగించి బరువు మోయించాక ఎప్పుడో ఒకనాడు లోపల్నుంచి చిట్లుతుంది. అమెరికావాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసి పంపేవారు. అందుకే మా డ్రాయింగులో ఆ లైను రాయాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు.

ప్రొబేషన్ అయిపోయింది, ఉద్యోగం పర్మనెంటయింది. మా ఆవిడ కడుపుతో ఉంది. అప్పుడు ఒక కేర్ హోమ్ నుంచి ఫోను వచ్చింది. ఎనభై దాటిన ఒకావిడను మంచం మీంచి ఎత్తుతుంటే బోల్టు తల ఊడి, పట్టీతో సహా నేల మీద పడిపోయింది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో మూడు వారాలు ఉండి చనిపోయింది. ఆవిడ ఫోటో లోకల్ పేపర్లో వేశారు. చేతిలో అల్లిక సూదులు ఉన్నాయి.

ఫ్యాక్టరీలో ఆ వారమంతా ఒకటే మాట, చైనా చెత్త అని. క్యాంటీన్లో అందరూ అన్నారు. నేనూ అన్నాను. అందుకు మాత్రం నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను. గ్రేస్ ముందే అడిగిన సంగతి మిగతావాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. అయినా శాండ్‌విచ్ నములుతూ, అవును, వాళ్ళను నమ్మకూడదు అన్నాను. పక్క టేబులు దగ్గర అంకుల్ టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, తినకుండానే లేచి వెళ్ళిపోయారు.

వచ్చిన ప్రతి లాటులోంచీ ఆయన పదేసి బోల్టులు ఖాళీ పచ్చడి సీసాల్లో దాచేవారు. ఆ శుక్రవారం ఒక సీసా విప్పి, ఆరు బోల్టుల్ని ఇనుప దిమ్మెలో బిగించి వదిలేశారు. సోమవారం పొద్దున నన్ను బెంచీ దగ్గరకు పిలిచారు. రెండింటి తలలు ఊడి బెంచీ మీద పడి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోకుండానే వాటంతటవే ఊడాయి.

"బేకింగ్ చెయ్యలే" అన్నారు. "ఇంత మంచిగ చేసినోళ్ళకు అది తెల్వకుండ ఎట్లుంటది? ఆ మెయిళ్ళు తియ్."

లాప్‌టాప్ తెరిచాను. తెరవకుండా ఉండటానికి ఏ సాకూ దొరకలేదు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, స్క్రీన్ దగ్గరగా వంగి గ్రేస్ ప్రశ్న రెండుసార్లు చదివారు. తర్వాత నా జవాబు చదివారు. అది చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అడిగింది" అన్నారు. "పాపం, మంచిగనే అడిగింది."

నేను ఏదో అనబోయాను.

"నువ్వు ఆగు. నాది గూడ ఉన్నది. అమెరికా సరుకుతోని వచ్చే సర్టిఫికెట్ల బేకింగ్ అని ఒక లైను ఉంటుండె. ఇండ్ల లేదు. కొలతలు చూసి మురిసిపోయి నేను అది సదవలే. ఇరవై ఏండ్లు ఆ తొట్టి కాడ నిలబడ్డోన్ని, నేను సదవలే." కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నారు. "కని నిన్ను అడిగిన గద. నువ్వు మనోనివని ఒక్క మాట అడిగి ఊకున్న. ఇంకోడైతే మెయిల్ చూపెట్టు అంటుంటి."

"అంకుల్, నా వీసా పోతుంది. మా ఆవిడకు ఐదో నెల" అన్నాను. ఎనభై దాటిన మనిషి నా వల్ల చచ్చిపోయిందని బయటపడ్డాక నేనన్న మొదటి మాట అది.

"నీ పేరు రాయ. కొనుగోలుదారు అని రాస్త. కొనుగోలుదారు అంటె మనం. కంపెనీ. నేను గూడ."

నాలుగు పేజీల రిపోర్టు రాశారు. సప్లయరు అడిగాడు, మేము వద్దన్నాం, నేను సర్టిఫికెట్ చూసుకోలేదు, డ్రాయింగు మార్చాలి. అంతే అందులో ఉన్నది. మెయిళ్ళ కాపీ, నా పేరు కొట్టేసి, జతచేశారు. మేనేజరు చాలా మర్యాదగా, ఎంతో శ్రమపడ్డారని భుజం తట్టి, దాన్ని సొరుగులో పెట్టుకున్నారు. కంపెనీ కేర్ హోముకూ, సప్లయరుకూ పంపిన ఉత్తరంలో రెండే కారణాలు ఉన్నాయి. చైనా సప్లయరు నాసిరకం సరుకు పంపాడు, మా ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టుకోలేకపోయాడు. ట్యాగు మీద సంతకం తెలుగులోనే ఉన్నా ఎవరిదో కనుక్కోవడం మేనేజ్‌మెంటుకు కష్టం కాలేదు. రెండు నెలల్లో ఇన్‌స్పెక్షన్ విభాగాన్ని పునర్‌వ్యవస్థీకరించారు. ఆ కొత్త వ్యవస్థలో ఆయన బెంచీ లేదు.

ఈలోగా గ్రేస్ నుంచి నాకు మూడు మెయిళ్ళు వచ్చాయి. మా వల్ల ఏ పొరపాటు జరిగిందో చెప్పండి, సరిచేసుకుంటాం అని మొదటిది. రెండోది కూడా అదే. మూడో దాంట్లో, మా యజమాని పూత షెడ్డులో ఇద్దర్ని పనిలోంచి తీసేశారు, వాళ్ళు తప్పేమీ చేయలేదంటున్నారు, దయచేసి జవాబివ్వండి అని ఉంది.

చివరి రోజు అంకుల్ మైక్రోమీటరును బనియన్ గుడ్డలో చుట్టి లంచ్ బ్యాగులో పెట్టుకుంటుంటే నేను పక్కన నిలబడ్డాను. మూడో మెయిలు సంగతి ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన జిప్ లాగడం ఆపేశారు.

"ఒక్క పని చెయ్ బిడ్డా. ఆ పిల్లకు రాయి. కంపెనీ మెయిల్ల వద్దు, నీ సొంత దాంట్ల రాయి. మీరు అడిగిన్రు, మేమే వద్దన్నం, తొట్టి కాడోళ్ళ తప్పు లేదు అని రాయి. నాకు కంప్యూటర్ బంద్ చేసిన్రు, లేకపోతె నేనే రాస్తుంటి. ఆ ఇద్దరు ఇంట్ల కూసొని, మనం ఏం తప్పు చేసినమా అని ఆలోచన చేస్తుంటరు. నాకు ఎరుకే అది."

"రాస్తాను అంకుల్" అన్నాను.

రాయలేదు. ఇంటికొచ్చి మొదలుపెట్టాను కూడా. సగం రాశాక, ఇది రేపు ఎవరి చేతిలోనైనా పడితే నా సొంత రాతలో నా నేరం ఒప్పుకున్నట్టే కదా అనిపించింది. చెరిపేశాను. వారం తర్వాత అంకుల్ ఫోన్ చేశారు.

"రాసినవా?"

"రాశాను అంకుల్."

"ఏమన్నది?"

"థాంక్స్ చెప్పింది. వాళ్ళ యజమానికి చూపించిందట."

"మంచిగైంది" అన్నారు. ఆ గొంతులో అంత తేలిక నేనెప్పుడూ వినలేదు.

అరవై దాటిన ఇన్‌స్పెక్టరును, అదీ మనిషి చచ్చిన కేసులో పేరున్నవాణ్ణి, ఎవరూ తీసుకోలేదు. సూపర్‌మార్కెట్లో షెల్ఫులు సర్దే పనికి కుదిరారు. పొద్దుటి షిఫ్టు. పాల సీసాలు సర్దుతూ, తెలుగు స్టూడెంట్లు ఎవరైనా ముందు వరసలోవి తీస్తుంటే, "ఎనక నుంచి తియ్, తాజావి ఆడుంటయ్" అని మెల్లిగా చెప్పేవారట. దానికి మేనేజరు ఒకసారి మందలించాడని ఆంటీ చెప్పారు. గుండెలో బరువుగా ఉందంటూనే, షిఫ్టు పోతుందని డాక్టరు అపాయింట్‌మెంటు రెండుసార్లు వాయిదా వేశారట.

నా సంగతి వేరే. మళ్ళీ అమెరికా బోల్టులకు వెళ్ళాం. కస్టమర్లందరికీ ఆ సంగతి గర్వంగా ఉత్తరాలు రాశాం. ఆ మార్పు నేనే దగ్గరుండి చేయించినందుకు నాకు మంచి పేరొచ్చింది. ఆ పేరు మీదే బ్రాక్‌నెల్‌లో ఇంతకన్నా పెద్ద ఉద్యోగం దొరికింది. నేను వచ్చేసే రోజు వరకు మా డ్రాయింగులో బేకింగ్ లైను చేర్చలేదు. అమెరికావాళ్ళు ఎలాగూ చేస్తారు కదా అన్నారు.

అంత్యక్రియలకు గ్లాస్గో వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. క్రిమటోరియంలో మాకు ఇచ్చింది అరగంట, మా వెనక వేరే కుటుంబం ఎదురుచూస్తోంది. అక్కణ్ణుంచి అందరం దగ్గర్లోని కమ్యూనిటీ హాలుకు వెళ్ళాం. టీలు పట్టుకుని నిలబడినవాళ్ళలో ఒకాయన, మంచి మనిషే కానీ చైనా సరుకును నమ్మి దెబ్బతిన్నాడు అన్నాడు. ఒకరిద్దరు తలలూపారు. నేను టీ తాగాను.

వాళ్ళమ్మాయి నా దగ్గరకు వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, గ్లాస్గో యాసలో ఇంగ్లీషు మాట్లాడుతుంది. చైనా వాళ్ళకు నిజం రాసింది మీరే కదా అని అడిగింది. ఆ ఉద్యోగం గురించి నాన్న ఇంట్లో ఎత్తేవారు కాదట. ఎత్తితే ఆ ఒక్క సంగతే చెప్పేవారట, పోయే ముందు వారం కూడా చెప్పారట. ఇక్కడ అందరూ ఏవేవో అంటున్నారు, అమ్మ వింటోంది, ఆ విషయం మీరు ఒకసారి అందరికీ చెబుతారా, నాకు తెలుగులో సరిగ్గా చెప్పడం రాదు అంది.

నాకు అప్పటికి ఈ దేశ పౌరసత్వం కూడా వచ్చేసింది. నిజం చెబితే పోయే వీసా ఏదీ లేదు. ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుంది కూడా. ముందు వరసలో తెల్లచీర కట్టుకుని ఆంటీ కూర్చున్నారు. లేచి నిలబడ్డాను. తప్పు చైనావాళ్ళది కాదని అంకుల్ రిపోర్టు రాశారని చెప్పాను. వాళ్ళకు ఆ మాట తెలియాలని నాతో మెయిల్ రాయించారని చెప్పాను. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. పనిలోంచి తీసేసిన ఆ ఇద్దర్నీ మళ్ళీ తీసుకున్నారని, మీ అంకుల్‌కు మా దండాలు చెప్పమని వాళ్ళు రాయించారని కూడా చెప్పాను.

టీ కప్పులు పట్టుకున్నవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆంటీ చెయ్యెత్తి నన్ను దగ్గరికి పిలిచారు.

"ఆ ఇద్దరిని మళ్ళ తీసుకున్నరా బిడ్డా? మల్లొకసారి చెప్పు" అన్నారు.

పక్కన కూర్చుని మళ్ళీ చెప్పాను.